నూరు కిలోమీటర్ల మేజోళ్లు

నడిచే కాళ్లతోపాటు చేతులకు కూడా పని చెప్పిన ఒక గృహిణి అనుభవం

రాయపూర్ నగరానికి పడమటి కొసన, భిలాయీకి పోయే దారిలో టాటీబంధ్ ఉన్నది. దేశపు పడమటి తీరం నుంచి కలకత్తా వైపు సాగే జాతీయ రహదారి మీది కూడలి కావడంచేత ఇక్కడ రాత్రింబవళ్లు లారీల రొద ఆగదు. 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడ్డాక ఆ రొదకు రోగుల రాకపోకలు కూడా తోడయ్యాయి. ఈ సందడికి కాస్త ఎడంగా, మా కాలనీ లోపలి వీధుల్లో, తెల్లవారుతూండగానే ఒక అరవయ్యేళ్ల స్త్రీ నడుస్తూ కనబడుతుంది. ఆమె భుజానికి ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. ఆ సంచిలో నుంచి ఉన్ని దారం సాగివచ్చి ఆమె చేతుల్లోని ఐదు సన్నని సూదుల మధ్య మేజోడుగా మారుతూ ఉంటుంది. ఆ స్త్రీని నేనే.

మొదట్లో వీధిలోని వారు నన్ను వింతగా చూశారు. పాలు పోసే కుర్రవాడు సైకిలు ఆపి, "దాయీ, పడిపోతారేమో!" అన్నాడు. ఇప్పుడు అతడే, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి మరీ పోతున్నాడు. ఒక జత పూర్తికావడానికి నేను సుమారు నూరు కిలోమీటర్లు నడుస్తానని చెబితే మాత్రం ఎవ్వరూ ఒక పట్టాన నమ్మరు. ఆ లెక్క తరువాత చెబుతాను. ముందు ఈ పిచ్చి నాకెలా పట్టుకున్నదో చెప్పాలి.

ఒక చిన్న కుట్టు చేసిన పని

మా వారికి మధుమేహం వచ్చి చాలా ఏళ్లయింది. భిలాయీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ మందులు వేళకు వేసుకున్నారు గాని, కాళ్ల సంగతి ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. 2016 చలికాలంలో ఒకనాటి సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూంటే మేజోడు వేళ్ల దగ్గర తడిగా కనిపించింది. తీసి చూస్తే చిటికెనవేలి పక్కన పుండు పడి ఉన్నది. బజారులో కొన్న మేజోడు లోపల అడ్డంగా ఉండే గట్టి కుట్టు, బిగువైన బూటులో రోజుల తరబడి ఒరుసుకొని ఆ గాయం చేసింది. "నొప్పి పుట్టలేదా?" అని అడిగాను. "ఏమీ తెలియలేదే!" అన్నారు. ఆ తెలియకపోవడమే అసలు జబ్బు. మధుమేహం ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి, నెత్తురు ప్రసారం మందగిస్తుంది. రాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచినా మనిషికి తెలియదు. తెలిసేనాటికి చీము పడుతుంది. మా వారి విషయంలో ఆ వేలును తీసివేయవలసి వచ్చింది.

ఆ తరువాత డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలు నాకు కంఠతా వచ్చాయి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవరాదు. బూటు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. ప్రతి రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. మేజోళ్లు లోపలివైపు కుట్టు లేనివి, పైన బిగించి పట్టనివి, గాయమైతే మరక వెంటనే కనిపించేటట్లు లేతరంగువి అయి ఉండాలి. రోజూ మార్చాలి.

డాక్టరుగారు అంతటితో ఊరుకోలేదు. నా రక్తం కూడా పరీక్ష చేయించి, చక్కెర అంచుల్లో ఉన్నదనీ, రోజూ నడవకపోతే నేనూ ఆ దారినే పోతాననీ హెచ్చరించారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచి తిరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతున్నది. కాని నాకు నడక అంటే విసుగు. ఊరికే పోయి ఊరికే రావడమేమిటి? గిన్నెలు కడిగితే గిన్నెలు మిగులుతాయి. నడిస్తే ఏం మిగులుతుంది?

జవాబు మా పొరుగింట్లో దొరికింది. టాటీబంధ్‌లో లారీల వ్యాపారం చేసే పంజాబీ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పక్కింటి దీదీ చలికాలం పొడుగునా ఎండలో మంచం వేసుకుని స్వెట్టర్లు అల్లుతుంది. నేను పుట్టింది నరసాపురం ప్రాంతంలో. మా అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతూ, ఎవరైనా పిలిస్తే చేతిలో పని చేతిలోనే ఉంచుకుని లేచి పోయేది. లేసు సూది పట్టిన చేతులు నావి. దీదీ దగ్గర కూర్చుని "సీదా, ఉల్టా" నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. మేజోడు నేర్చుకోవడానికి మరో రెండు నెలలు పట్టింది. కుట్టు లేని మేజోడు కావాలంటే చేత్తో గుండ్రంగా అల్లడం కంటె మంచి మార్గం లేదని అప్పుడు అర్థమైంది.

నడకకు నప్పే పని

నడుస్తూ చేయడానికి మేజోడే ఎందుకు? స్వెట్టరు బరువు, దుప్పటి ఇంకా బరువు. మేజోడు గుప్పిట్లో ఇముడుతుంది. పైగా దాని మొదటి భాగమంతా ఒక గొట్టం. నా లెక్క ప్రకారం 64 కుట్లు, నాలుగు సూదుల మీద ఒక్కొక్కదానికి 16 చొప్పున పంచుకుని ఉంటాయి. ఐదో సూదితో అల్లుతూ చుట్టూ తిరిగివస్తే ఒక చుట్టు. పై అంచు సాగడానికి రెండు సీదా, రెండు ఉల్టా. అది దాటితే చీలమండ వరకు అంతా సీదాయే. లెక్క పెట్టుకోనక్కరలేదు, తిప్పి చూసుకోనక్కరలేదు. వేళ్లకు అలవాటైతే కుట్టు ఎక్కడున్నదో కన్ను కంటె వేలికే ముందు తెలుస్తుంది. కనుక కళ్లు దారి మీద ఉండవచ్చు.

ఉన్ని ఉండ చేతిలో ఉంటే దొర్లిపోతుంది. అందుచేత సంచి భుజానికి వేలాడాలి, దారం ఒకే కన్నం గుండా రావాలి. సూదులు జారిపోకుండా పొట్టివి కావాలి. నడక మాత్రం తొందరది పనికిరాదు. నేను గంటకు నాలుగు కిలోమీటర్లకు మించను. ఆ గంటలో పన్నెండు చుట్లు అవుతాయి. చీలమండ దాకా సుమారు 75 చుట్లు, అరికాలికి మరో 65. ఒక కాలికి 140, రెండు కాళ్లకు 280. రోజుకు పన్నెండు చుట్ల వంతున ఇరవై మూడు ఇరవై నాలుగు రోజుల పని. అన్ని రోజులూ నాలుగేసి కిలోమీటర్లంటే దగ్గర దగ్గర నూరు. ఇదే నేను మొదట చెప్పిన లెక్క. ఒక జతకు పట్టే ఉన్ని మాత్రం నూరు గ్రాములే.

మధ్యలో మడమ వస్తుంది. అక్కడ నడక చెల్లదు. సగం కుట్లను పక్కన ఉంచి, మిగిలిన 32 కుట్ల మీద ముందుకూ వెనుకకూ అల్లి ఒక పలకవంటిది తయారు చేయాలి. తరువాత వరుస వరుసకూ మధ్యలోనే వెనుదిరుగుతూ దానిని దొప్పలాగా వంచాలి. గొట్టం మలుపు తిరిగి పాదంగా మారేది ఇక్కడే. ఒక్క కుట్టు తప్పినా దొప్ప వంకర పోతుంది. అందుకని మడమ దాకా వీధిలో, మడమ ఇంట్లో, మళ్లీ అరికాలు వీధిలో. బొటనవేలి వద్ద ముగింపును మళ్లీ ఇంట్లోనే దీపం ముందు కూర్చుని, సూదితో కుట్టుకు కుట్టు కలిపి, లోపల గట్టు తేలకుండా పూర్తి చేస్తాను. మా వారి వేలు తీసిన చోటికి తగిలేది ఆ అంచే.

కొత్త వింత కాదు

నేను కనిపెట్టానని కొన్నాళ్లు మురిసిపోయాను. తెలుసుకునే కొద్దీ ఆ మురిపెం తగ్గింది. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో స్త్రీలు వంటచెరకుగా వాడే పీట్ మట్టిగడ్డలను వీపున బుట్టలో మోస్తూ, దారి పొడుగునా అల్లేవారు. నడుముకు కట్టుకున్న తోలు పట్టీకి కన్నాలుండేవి. సూది కొసను అందులో గుచ్చితే ఒక చేతికి ఊరట దొరికేది. ఇంగ్లండులో డెంట్ అనే కొండలోయ గ్రామం మేజోళ్ల అల్లికకు పేరుపొందింది. అక్కడ ఆడవారూ మగవారూ కూడా నడుస్తూ అల్లేవారు. ఫ్రాన్సు నైరుతి మూలన లాండ్ అనే చిత్తడి నేలలో గొర్రెల కాపరులు పొడుగాటి కర్రకాళ్ల మీద నిలబడి మందను కాస్తూ అల్లుకునేవారు. 1857లో వచ్చిన చట్టంతో ఆ నేలలో దేవదారు జాతి చెట్లు నాటారు. క్రమంగా మందలూ పోయాయి, కర్రకాళ్లూ పోయాయి. పెరూ దేశపు టకీలే దీవిలో అల్లిక మగవారి పని. వారి నేత, అల్లికల విద్యను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. 2013లో అమెరికాలోని కాన్సాస్ సిటీ మారథాన్‌లో ఒక అధ్యాపకుడు ఏకంగా పరుగెత్తుతూనే పన్నెండు అడుగుల పైచిలుకు మఫ్లరు అల్లి రికార్డు నెలకొల్పాడు.

అంత దూరం పోనక్కరలేదు. మన హిమాలయాల్లో కొండదారి ఎక్కుతూ మేజోళ్లు అల్లే స్త్రీలను యాత్రికులు చూస్తూనే ఉంటారు. లాహౌల్ మేజోళ్లకూ చేతి తొడుగులకూ 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు మంద వెంట తిరిగినవారే. నల్లని దక్కనీ గొర్రెల ఉన్నిని వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి వారు చేసిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పక్క. మా రాయపూర్ చుట్టుపక్కల పొలాల్లోకి కచ్ఛ్ నుంచి వచ్చిన రబారీలు ఒంటెలతో, గొర్రెల మందలతో వచ్చి దిగుతారు. మంద పడుకున్న పొలానికి ఎరువు, కాపరికి గింజలు. ఇదంతా నడకా ఉన్నీ కలిసి సాగించిన బతుకే.

స్వాతంత్ర్యోద్యమ కాలంలో తకిలీ పట్టని బడిపిల్లలు తక్కువ. రాట్నాన్ని మోసుకుపోలేని చోటికి తకిలీ పోయేది. 1930లో గాంధీజీ 241 మైళ్ల దండి యాత్రకు బయలుదేరినప్పుడు, ఆ ఇరవై నాలుగు రోజులూ యాత్రికుల దినచర్యలో ప్రార్థనతోపాటు నూలు వడకడం కూడా తప్పనిసరి. పగలంతా నడిచి అలసిన మనుషులకు మజిలీలో ఇంకా పని ఎందుకని అడగవచ్చు. కాళ్లు విశ్రమించే వేళ చేతులు కదలడంలో ఉన్న ఊరట నడిచినవారికే తెలుస్తుంది.

తీరిక అని పేరుపెట్టిన పని

అయితే ఒక మాట చెప్పుకోకపోతే ఈ ముచ్చట అబద్ధమవుతుంది. షెట్లాండ్ స్త్రీలు సరదాకు అల్లలేదు. మట్టిగడ్డలు మోయడానికి పట్టే సమయాన్ని కూడా వృథా కానిస్తే ఇల్లు గడవదు గనుక అల్లారు. 1589లో విలియం లీ అనే ఇంగ్లీషు మతాచార్యుడు మేజోళ్లు అల్లే యంత్రం కనిపెట్టిన తరువాత కూడా, చేతి అల్లిక పేదల ఇళ్లలో రెండు మూడు శతాబ్దాలు బతికిందంటే కారణం అదే. వారి చేతులు యంత్రం కంటె చవక.

మా నరసాపురం లేసు కథ కూడా ఇంతే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఆ విద్యతో గోదావరి జిల్లాల్లో వేలాది స్త్రీలు విదేశాలకు పోయే సరుకు తయారుచేశారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారి మీద 1982లో ఒక గ్రంథమే ప్రకటించింది. రోజంతా అల్లే ఆ స్త్రీలను లోకం పనివారుగా లెక్కించలేదనీ, ఇంటిపట్టున ఉండే గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నదనీ, ఆ మాట చాటున కూలి అతి తక్కువగా నిలిచిందనీ ఆమె చూపింది. అది చదివాక మా అమ్మమ్మ నాకు మరోలా కనిపించింది. పిలిస్తే పని చేతిలో ఉంచుకునే లేచేదని మురిపెంగా చెప్పుకున్నాను. ఆమె దానిని కింద ఎందుకు పెట్టలేకపోయిందో అంతవరకు నేను ఆలోచించలేదు.

నడక విషయంలోనూ అటువంటి పాఠం ఒకటి మా కూడలిలోనే నేర్చుకున్నాను. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్న తరువాత, మే నెల ఎండల్లో టాటీబంధ్ కూడలికి వలస కూలీలు వేలకొద్దీ వచ్చిపడ్డారు. మహారాష్ట్ర నుంచి, తెలంగాణ నుంచి ఒడిశాకూ ఝార్ఖండ్‌కూ పోయేవారు. కొందరు లారీల మీద, కొందరు కాలినడకన. ప్రభుత్వమూ స్వచ్ఛంద సంఘాలూ అన్నం, నీళ్లు, చెప్పులు అందించాయి, బస్సులు ఏర్పాటు చేశాయి. నేను కూడా నా పెట్టెలో దాచిన ఆరు జతల మేజోళ్లు పట్టుకుని వెళ్లాను.

అక్కడికి పోయి నిలబడ్డాక సిగ్గు కలిగింది. అరిగి తెగిన హవాయి చెప్పులు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్న కాళ్లు. కాలుతున్న తారు. వారికి ఉన్ని మేజోళ్లు ఏమిటి? వారికి కావలసినవి చెప్పులు, గ్లాసెడు నీళ్లు, ఇంటికి పోయే బస్సు. ఒక తల్లి మాత్రం, మడమకు మందు రాసి కట్టుకట్టిన తన పెద్దకొడుకు పాదానికి దుమ్ము తగలకుండా ఉంటుందని ఒక జత అడిగి తీసుకున్నది. మిగిలిన ఐదు జతలూ ఇంటికి తెచ్చాను. మరునాడు పాత నూలు చీరలు చింపి, ఉతికి, కట్లకు పనికివచ్చేలా మడిచి పట్టుకుపోయాను. అవి మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. నడక నాకు మందు. వారికి వేరే దారి లేకపోవడం. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం నాకు ఆనాటి నుంచి కష్టంగానే ఉన్నది.

రాజిమ్ దారిలో

అయినా నడక మానలేదు. 2023 మాఘ పౌర్ణమికి కాలనీలోని ఏడుగురం కలిసి రాజిమ్ మేళాకు కాలినడకన బయలుదేరాము. మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే చోటు అది. మా ఇంటి నుంచి యాభై కిలోమీటర్ల చిల్లర. మూడు రోజుల ప్రయాణమని నిశ్చయించుకున్నాము. దూరం తెలియగానే నా మనసులో ఒక లెక్క తోచింది. నూరు కిలోమీటర్లకు ఒక జత అయితే, యాభైకి ఒక మేజోడు కావాలి కదా!

పై అంచు అల్లుకుని బయలుదేరాను. నగరం దాటే వరకు సంచి మూసే ఉంచాను. అభన్‌పూర్ దారిలో వాహనాలు ఎడతెగక వస్తాయి గనుక అక్కడ కూడా సూదులు బయటికి తీయలేదు. పొలాల పక్కన పల్లెబాట దొరికిన చోటనే అల్లాను. రెండో రాత్రి ఒక ధర్మశాల వరండాలో, తోటివారు కాళ్లకు నూనె రాసుకుంటూండగా మడమ తిప్పాను. మూడోనాటి సాయంకాలం మహానది ఇసుకలో కూర్చుని వేళ్ల ముగింపు పూర్తి చేశాను. ఎదుట రాజీవలోచనుని గుడి దీపాలు కనిపిస్తున్నాయి. రెండో మేజోడు తిరుగు దారిలో అల్లాలనుకున్నాను గాని, మా బృందమంతా ఏకగ్రీవంగా బస్సెక్కింది.

రాజిమ్‌కు చేరువలోనే చంపారణ్యం ఉన్నది. వల్లభాచార్యులు 1479లో అక్కడ జన్మించారని సంప్రదాయం. ఆయన తల్లిదండ్రులు తెలుగువారు. కాశీ నుంచి స్వస్థలానికి తరలివస్తూ దారిలో, అడవిలో బిడ్డను కన్నారట. ఆ బిడ్డ పెరిగి దేశమంతా మూడుసార్లు చెప్పులు లేకుండా చుట్టివచ్చారని చెబుతారు. అంతటి నడకల ముందు మా యాభై కిలోమీటర్లు ఎంత? కాని ఆ మూడు రోజుల్లో ఏడుగురిలో నలుగురికి బొబ్బలు లేచాయి. బొబ్బకు కారణం రాపిడి, దానికి తోడు తడి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా ఒంటికి తడిగా తోచదు. ఉన్ని మేజోళ్లు వేసుకున్న నాకు బొబ్బ రాలేదు. వేసవిలో మాత్రం నేను కూడా పలుచని నూలువే తొడుగుతాను.

ప్రయత్నించదలచిన వారికి

ముందు ఇంట్లో కూర్చుని కనీసం రెండు జతలు పూర్తి చేయండి. చూడకుండా అల్లడం వచ్చాక మేడ మీదనో పార్కులోనో నడిచి చూడండి. వాహనాలు తిరిగే రోడ్డు మీద సూదులు ముట్టవద్దు. దారి గతుకుగా ఉంటే చేతులు ఆపండి, కాళ్లు ఆపవద్దు. సూదులకు మొనలున్నాయి గనుక మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంచిలో వేసుకోండి. మధుమేహం ఉన్నవారి కోసం అల్లితే పై అంచు వదులుగా, లోపల ముడులు లేకుండా ఉండాలి. మేజోడు మందమైతే దానికి తగినట్లు బూటు కూడా పెద్దది కావాలి. పుండు ఉన్న కాలికి మేజోడు వైద్యం కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు పది కోట్ల పైమాటే. వారిలో ఎందరి ఇళ్లలో రాత్రిపూట పాదాలను అద్దంలో చూసుకునే అలవాటు ఉన్నదో!

మా ఇంట్లో ఉన్నది. రాత్రి తొమ్మిదింటికి మా వారు కుర్చీలో కూర్చుని మేజోళ్లు విప్పుతారు. నేను వాటిని తిరగవేసి, లోపల ఎక్కడైనా మరక ఉన్నదేమో దీపం దగ్గర చూస్తాను. ఆయన అద్దం పట్టుకుని అరికాళ్లు చూసుకుంటారు. తొమ్మిది వేళ్లూ క్షేమమని తేలాక నా సంచి వైపు చూస్తారు.

"ఎంతవరకు వచ్చిందోయ్?"

"రేపటితో మడమ దగ్గరకు వస్తుందండీ."

"అయితే ఎల్లుండి నడకకు నేనొక్కణ్నే పోవాలన్నమాట."

"మీరు పోయివచ్చేలోగా మడమ తిప్పేసి ఉంచుతాను. మీరు మాత్రం ఆ లోపలి వీధి దాటి పోకండి" అంటాను.